గాలిని ఒత్తితే పెట్టిన శక్తి ఎటు పోతది? 9వ తరగతి పిల్లలు చేత్తోని చేసి చూసే పరికరం కావాలె

దేవరకొండ_ఫిజిక్స్
మాది దేవరకొండ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. పని–శక్తి పాఠం నడుస్తున్నది. "శక్తిని సృష్టించలేము, నశింపజేయలేము" అని క్లాసులో ప్రతి పిల్లా తడుముకోకుండా అప్పజెప్తది. అదే పిల్లను "సైకిల్ పంపు కొట్టినవు గదా, నీ చేతుల శక్తి ఇప్పుడు ఎక్కడున్నది?" అని అడిగితే జవాబు లేదు. "టైరులకు పోయింది సార్" అంటరు. టైరుల ఏ రూపంల ఉన్నది, మళ్లా బయటికి తియ్యొచ్చా, ఎంత వస్తది అంటే ఇగ అందరూ నేల చూపులే.

నాకు కావల్సింది ఇది. గాలిని ఒత్తి దాచాలె. దాచిన గాలితోని పని చేయించాలె. ఎంత పెట్టినం, ఎంత వచ్చింది అని పిల్లలే లెక్క కట్టాలె. నేను టేబుల్ మీద పెట్టి చూపిస్తే నలభై మంది దూరంగ కూసోని చూసేది వద్దు. నలుగురికి ఒక సెట్టు. సెట్టుకు మూడు వందలు దాటొద్దు, కరెంటు అవసరం పడొద్దు. నెట్ల వెతికితే సిరంజీలతోని చేసిన జేసీబీ బొమ్మలే వస్తున్నయి. చూడనీకి మంచిగనే ఉంటయి, శక్తి లెక్క మాత్రం ఎక్కడా లేదు.

ఐటీఐ_ఫిట్టర్
సారూ, బొమ్మలతోని తిప్పలు పడేకంటె అసలు సామాను తెచ్చుకోండి. చిన్న సిలిండరు, గాలిని అటు ఇటు మళ్లించే 5/2 వాల్వు, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు, ఒత్తిడి చూపే గేజీ, చిన్న కంప్రెసరు. పిల్లలు రేపు ఫ్యాక్టరీల చూసేది అదే. మా ట్రైనీలకు దాని మీదనే నేర్పిస్తం.

పంచర్‌షాప్_మాల్
మూడు వందలల్ల ఆ రెగ్యులేటరు మూత కూడ రాదు అన్నా.

దేవరకొండ_ఫిజిక్స్
@ఐటీఐ_ఫిట్టర్ ధర ఒక్కటే కాదన్నా. ఆ సిలిండరు లోపల ఏం జరుగుతున్నదో బయటికి కనబడదు. మీట నొక్కితే కడ్డీ బయటికొస్తది, అంతే. మీ ట్రైనీకి వాల్వు ఎట్ల కలపాలె అన్నది ప్రశ్న. మా పిల్లకు గాలి ఎందుకు నెడుతున్నది అన్నది ప్రశ్న. రెండూ వేరు.

పంచర్‌షాప్_మాల్
రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తీస్కోండి. మూతకు రంధ్రం కొట్టి ట్యూబ్‌లెస్ వాల్వు గుంజి ఎక్కియ్యాలె. మూత బిగించి పంపుతోని గాలి కొట్టుడే. నేను మా పిల్లలకు గట్లనే నీళ్ల రాకెట్ చేసిచ్చిన. వాల్వు నాలుగు పైసలకు వస్తది, పాతయైతే నా దగ్గర ఊరికెనే ఉన్నయి.

పాలమూరు_బీటెక్
సీసా చిన్నది. నాలుగించుల పీవీసీ పైపు ముక్కకు రెండు దిక్కుల మూతలు అతికిస్తే పది లీటర్ల దాకా ట్యాంకు అయితది. 60 పీఎస్ఐ (టైరు గాలి కొలిచే ఒత్తిడి లెక్క) దాకా కొట్టొచ్చు. పైపు మీదనే రాసి ఉంటది ఎంత తట్టుకుంటదో.

రిగ్గు_అచ్చంపేట
తమ్మీ, ఆ మాట ఇక్కడనే ఆపు. పైపు మీద రాసింది నీళ్లకు. గాలికి కాదు. బోరు బండ్ల మీద చానా ఏండ్ల నుంచి చేస్తున్న, గాలి సంగతి చెప్త విను. నీళ్ల పైపు పగిలితే ఒక్కసారి చిమ్మి ఒత్తిడి పడిపోతది, ఎందుకంటె నీళ్లు నలగవు, వాటిల దాచుకున్నదేం ఉండదు. గాలి అట్ల కాదు. లోపలున్నదంత ఒక్కసారే బయటికి తన్నుకొస్తది. పీవీసీ వంగదు, ముక్కలైతది. ఆ ముక్కలు కత్తుల లెక్క పోతయి. మా బండి మీద హోసుకు గొలుసు కట్టకుండ కంప్రెసరు స్టార్టు చెయ్యనియ్యం. జాయింటు ఊడితే హోసు పాము తీరు కొట్టుకుంటది.

ఐటీఐ_ఫిట్టర్
రిగ్గు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పీవీసీల గాలి నింపొద్దని పైపు కంపెనీలే చెప్తయి. ఎండకు, పాతపడ్డకొద్దీ ఇంకా పెళుసెక్కుతది. పిల్లలున్న గదిల ఆ మాటే వద్దు.

పాలమూరు_బీటెక్
సరే, మరి కూల్‌డ్రింకు సీసా పగలదా?

నారాయణపేట_సైన్స్
పగులుతది, చాలా ఎక్కువ ఒత్తిడికి. ఆ ప్లాస్టిక్కు ముందు ఉబ్బి చీలుతది, పీవీసీ తీరు పెంకులు పెంకులుగా ఎగరదు. అందుల నింపేదే గ్యాసు కలిపిన పానీయం కాబట్టి ఒత్తిడి తట్టుకునేటట్టే చేస్తరు. మామూలు మంచినీళ్ల సీసా పనికిరాదు, పల్చగుంటది. మా బడిల పెట్టుకున్న పద్ధతి ఇది: 30 పీఎస్ఐ దాటొద్దు. గేజీ లేని పంపు ముట్టొద్దు. సీసాకు మందపు గుడ్డ సంచి తొడగాలె. గీత పడ్డది, వేడి నీళ్లు పోసింది, ఎండల పెట్టింది పారెయ్యాలె. కొత్త సీసాను ముందు నిండ నీళ్లు పోసి ఒత్తిడి ఇచ్చి చూడాలె, గాలితోని పరీక్ష చెయ్యొద్దు. కండ్లద్దాలు తప్పనిసరి.

గణితం_మేడం
ఆ 30 పీఎస్ఐ సీసాలో ఎంత శక్తి ఉంటుందో లెక్క వేశాను. బయటి గాలి ఒత్తిడిని ఒక వాతావరణం అంటారు. 30 పీఎస్ఐ అంటే దానికంటే సుమారు 2 వాతావరణాలు ఎక్కువ, మొత్తం 3. రెండు లీటర్లకు, వేడి మారకుండా నిదానంగా వదిలితే గరిష్ఠంగా రాగలిగింది దాదాపు 260 జౌళ్లు. కిలో బరువును 26 మీటర్లు, అంటే ఏడెనిమిది అంతస్తులు ఎత్తేంత. ఈ అంకె పిల్లలకు చెప్పాలి. జాగ్రత్త ఎందుకో దానంతట అదే అర్థమవుతుంది.

దేవరకొండ_ఫిజిక్స్
మేడం, ఈ అంకె చూసినంక సీసాను నలుగురికి ఒకటి చొప్పున ఇయ్యబుద్ధి అయితలేదు. అది నేనే చేసి చూపిస్త. పిల్లల చేతికి ఇచ్చేది ఇంకోటి కావాలె.

నడిగడ్డ_రైతు
చదువుకున్నోళ్ల నడుమ మాట్లాడుతున్న, ఏమనుకోకుండ్రి. పత్తి చేనుల మందు కొట్టే చేతి పంపు అందరి ఇండ్లల్ల ఉంటది గదా. కొట్టుడు ఆపినంక కూడ కొద్దిసేపు మందు పడుతనే ఉంటది. ఎందుకు? లోపల చిన్న డబ్బల గాలి నలిగి ఉంటది, అది నెడుతది. మా బిడ్డ ఎనిమిదో తరగతి, ఆ ముక్క నేను చెప్పేదాంక దానికి తెల్వదు. మంచిగ కడిగి, ఎన్నడూ మందు పొయ్యని కొత్త పంపుల నీళ్లు పోసి చూపియ్యొచ్చు.

దేవరకొండ_ఫిజిక్స్
ఏమనుకునుడు ఏందన్నా, పాఠం దీంతోనే మొదలు పెడ్త. మా క్లాసుల సగం మంది పత్తి రైతుల పిల్లలే.

కోదాడ_రిటైర్డ్_మెకానిక్
బస్సుల బ్రేకు కూడ చెప్పండి. టైరు దగ్గర బ్రేకు డబ్బల గట్టి స్ప్రింగు ఉంటది. ఆ స్ప్రింగు ఎప్పుడూ బ్రేకు పట్టాలనే చూస్తది. చదరపు సెంటీమీటరుకు ఏడెనిమిది కిలోల ఒత్తిడి ఉన్న గాలి దాన్ని వెనక్కి నొక్కి పట్టుకుంటే బండి కదులుతది. పార్కింగు మీట వేస్తే గాలి పోయి స్ప్రింగు పట్టేస్తది. గాలి మొత్తం లీకైతే బండి ఆగుతది, అందుకే పొద్దున్నే డ్రైవరు గాలి ఎక్కేదాంక ఇంజను నడిపి నిలబడతడు. రైళ్లకు 1869లనే వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకు కనిపెట్టిండు. పిల్లలు బస్సు దిగేటప్పుడు 'తుస్స్' అని వినబడేది ఈ గాలే.

మిర్యాలగూడ_మిల్లు
మా ఊరి రైసు మిల్లులల్ల సార్టెక్స్ మిషిన్లు చూపియ్యండి ఒకసారి. బియ్యం జారుతుంటె కెమెరా నల్ల గింజను పట్టుకుంటది, వెంటనే సన్న గొట్టం నుంచి గాలి దెబ్బ ఒక్కటి. ఆ ఒక్క గింజ పక్కకు పోతది, పక్క గింజ కదలదు. కంట్ల కనబడనంత వేగం. కంప్రెసరు ఆగితే మిషిన్ ఆగినట్టే. కంప్రెసరు గది మాత్రం వేసవిల నిలబడలేం, అంత వేడి.

గణితం_మేడం
@మిర్యాలగూడ_మిల్లు ఆ వేడి దగ్గరే సారు అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఉంది.

ఇప్పుడు పిల్లల చేతికి ఇచ్చేదాని గురించి. పంపు కొట్టే చెయ్యి ఎంత పని చేసిందో కొలవడం కష్టం. ఒక్కొక్కరు ఒక్కో బలంతో కొడతారు. చెయ్యిని తీసేద్దాం. బరువు దిగాలి, బరువు లేవాలి. రెండూ స్కేలుతో కొలవచ్చు.

60 మి.లీ. సిరంజి ఒకటి, 20 మి.లీ. ఒకటి, రెండూ మెడికల్ షాపులో కొన్న కొత్తవి. మధ్యలో కొత్త సెలైన్ సెట్టు గొట్టం. దానికే బొటనవేలితో తిప్పే చక్రం ఉంటుంది, అదే మన వాల్వు. రెండు సిరంజిలను చెక్క స్టాండులో నిలువుగా, పిస్టను పైకి వచ్చేలా బిగించాలి. పిస్టన్ల మీద చిన్న చెక్క పీటలు. బరువులకు నీళ్ల సీసాలు చాలు, లీటరు నీళ్లంటే కిలో.

మొదట చక్రం బిగించి ఉంచాలి. పెద్ద సిరంజి 60 గీత దగ్గర, చిన్నది సున్నా దగ్గర, దాని మీద 1 కిలో. పెద్దదాని మీద 3 కిలోలు పెట్టండి. పిస్టను కిందికి దిగి ఒకచోట ఆగుతుంది. అది గాలి శక్తిని దాచుకున్న దశ. ఇప్పుడు చక్రం తిప్పండి. పెద్దది ఇంకొంచెం దిగుతుంది, చిన్నది లేస్తుంది. అది పని చేసిన దశ. దిగిన ఎత్తు × 3 × 9.8, లేచిన ఎత్తు × 1 × 9.8 (ఎత్తు మీటర్లలో, 9.8 అంటే గురుత్వ త్వరణం, జవాబు జౌళ్లలో). రెండు అంకెలు పక్కపక్కన.

పాలమూరు_బీటెక్
పిస్టను ఎక్కడ ఆగుతదో ముందే చెప్పొచ్చు గదా మేడం, బాయిల్ నియమం: వేడి మారకుంటె ఒత్తిడి ఎన్ని రెట్లు పెరిగితే గాలి అన్నో వంతుకు నలుగుతది.

గణితం_మేడం
చెప్పొచ్చు, చెప్పించాలి కూడా. 60 మి.లీ. సిరంజి లోపలి వ్యాసం సుమారు 28 మి.మీ., అంటే వైశాల్యం 6.2 చ.సెం.మీ. దగ్గర. కంపెనీని బట్టి కొంచెం మారుతుంది, కొలుచుకోండి. 3 కిలోలు పెడితే చదరపు సెంటీమీటరుకు దాదాపు అర కిలో. బయటి గాలి ఒత్తిడి ఎలాగూ ఒక కిలో ఉంది. ఒకటి కాస్తా ఒకటిన్నర అయితే 60 మి.లీ. 40 అవ్వాలి. నిజంగా 43 దగ్గర ఆగుతుంది. ఆ తేడా పిస్టను రబ్బరు రాపిడి.

ఐటీఐ_ఫిట్టర్
ఇది మంచిగున్నది. పిస్టన్లకు గ్లిజరిన్ చుక్క రాయండి, రాపిడి తగ్గుతది. ఇంజను ఆయిల్ మాత్రం రాయొద్దు, రబ్బరు ఉబ్బి పట్టేస్తది.

నారాయణపేట_సైన్స్
నేను చేసి చూసిన. స్టాండుకు పాత బెంచి చెక్క వాడిన. గాలి నింపినప్పుడు 3 కిలోలు మొత్తం 5 సెం.మీ. దిగితే 1 కిలో 3 సెం.మీ. లేచింది. పెట్టింది 1.47 జౌళ్లు, వచ్చింది 0.29. ఐదో వంతు!

అదే గొట్టంల, సిరంజిల గాలి బుడగ లేకుండ నీళ్లు నింపి మళ్లా చేసిన. ఈసారి 3 కిలోలు 3 సెం.మీ. దిగంగనే 1 కిలో 6 సెం.మీ. దాకా లేచింది. పెట్టింది 0.88, వచ్చింది 0.59. మూడింట రెండు వంతులు. పిల్లలు నన్ను పక్కకు జరిపి వాళ్లే మళ్లా మళ్లా చేసిండ్రు.

మిర్యాలగూడ_మిల్లు
అంటే గాలి వేస్టా? మేం కరెంటు బిల్లు కట్టేది ఎందుకు మరి?

రిగ్గు_అచ్చంపేట
వేస్టు కాదన్నా. నీళ్లతోని మా హ్యామరు నడుస్తదా? బోరు అడుగున ఆరేడు వందల ఫీట్ల కింద హ్యామరు కొట్టేది గాలే, రాయి పొడిని పైకి తెచ్చేదీ అదే గాలి. మన నల్లగొండ, పాలమూరు గట్టి రాళ్లల్ల ఇంకే బండి దిగుతది? తమిళనాడుల తిరుచెంగోడు బోరు బండ్లన్నీ ఇటు దిక్కు వచ్చేది అందుకే. డీజిల్ మాత్రం తాగుతది, కాదనను.

కోదాడ_రిటైర్డ్_మెకానిక్
గాలికి ఇంకో లాభం. వాడినంక బయటికి వదిలెయ్యొచ్చు, వాపసు పైపు అవసరం లేదు. కొద్దిగ లీకైనా కంప్రెసరు మళ్లా బయటి గాలినే నింపుకుంటది. ఆయిలు లీకైతే బండి మూలకు పడుతది.

ఐటీఐ_ఫిట్టర్
ఫ్యాక్టరీలల్ల కూడ ఇదే కథ. కంప్రెసరుకు పెట్టిన కరెంటుల చివరికి పనిగా మారేది పది, పదిహేను శాతమే అని మా దగ్గర చెప్తం. మిగిలింది దాదాపు అంతా వేడి. అందుకే చిన్న లీకు విన్నా సహించొద్దు అని ట్రైనీలను వెంటపడి చెప్తం.

దేవరకొండ_ఫిజిక్స్
మేడం, నాకు ఒకటి తెగుతలేదు. 1.47ల 0.29 పోను మిగిలిన 1.18 ఎటు పోయింది? "వేడిగా పోయింది" అని ఒక్క ముక్కల తేల్చేస్తే పిల్లలకు మళ్లా అప్పజెప్పే వాక్యమే ఇచ్చినట్టయితది.

గణితం_మేడం
సరైన ప్రశ్న. అంతా పోలేదు. కొంత ఇంకా గాలిలోనే ఉంది. చూపించడం తేలిక: చిన్నది లేచి ఆగాక చక్రం బిగించి, పెద్దదాని మీది 3 కిలోలు మెల్లగా తీయండి. పిస్టను తనంతట తాను పైకి వస్తుంది. దానిని తోసింది ఎవరు? చిన్నదాని మీది బరువు తీసినా అదే జరుగుతుంది. లెక్క వేస్తే గాలిలో అప్పటికి సుమారు 0.4 జౌళ్లు మిగిలి ఉన్నాయి. ఇది టీచరుకు మాత్రమే, ఇందులో లాగరిథమ్ ఉంది. పిల్లలకు పిస్టను ఎంత పైకి వచ్చిందో చూస్తే చాలు.

మిగతా 0.7 పైచిలుకు రాపిడికి, వేడికి పోయింది. నీళ్ల ప్రయోగంలో ఈ "దాచుకున్న" భాగం దాదాపు లేదు, అందుకే అక్కడ పోయింది మొత్తం రాపిడి ఖాతాలోకే వస్తుంది. రెండు ప్రయోగాలూ చేయిస్తేనే పిల్లలు దాచుకున్నదాన్నీ పోయినదాన్నీ విడదీయగలుగుతారు. ఒక్క గాలితో ఆపకండి.

పాలమూరు_బీటెక్
వేడి కనబడేటట్టు కూడ చెయ్యాలె గదా. సిరంజిల అంత వేడి తెల్వదు.

పంచర్‌షాప్_మాల్
సైకిల్ పంపు అడుగున చెయ్యి పెట్టమను. పది సార్లు కొట్టినంక ఎవరైనా చెయ్యి గుంజుకుంటరు. చేతి పంపుతోని లారీ టైరు నింపేటోళ్లకు బాగ తెలుసు ఈ సంగతి.

కోదాడ_రిటైర్డ్_మెకానిక్
డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు, గాలిని పదహారు పద్దెనిమిదో వంతుకు నలిపితే వచ్చే వేడికే డీజిల్ అంటుకుంటది. ఇది చెప్తే పిల్లలు ట్రాక్టరును వేరే తీరుగ చూస్తరు.

నారాయణపేట_సైన్స్
నలిపితే వేడి, వదిలితే చలి. సారు తన టేబుల్ మీద సీసా చేస్త అన్నరు గదా, దాంతోని ఇది చూపించండి. సీసాల రెండు చెంచాల నీళ్లు పోసి ఊపండి. అగరుబత్తి పొగ కొంచెం పోనిచ్చి మూత బిగించి 20 పీఎస్ఐ దాకా కొట్టండి. నిమిషం ఆగి వాల్వు పిన్ను నొక్కి గాలి ఒక్కసారి వదలండి. సీసా నిండ మబ్బు! మళ్లా పంపు కొడితే మాయం. గాలి వ్యాకోచించి పని చేసింది, ఆ శక్తి తన వేడి నుంచి తీసుకున్నది, చల్లబడ్డది, ఆవిరి పొగ రేణువుల మీద చుక్కలయింది. వెనక నల్ల చార్టు పెడితే చివరి బెంచికి కూడ కనబడతది.

పాలమూరు_బీటెక్
అదే సీసాతోని ఎల్ఈడీ వెలిగిస్తే? పాత కంప్యూటరు ఫ్యాన్ల మీదికి గాలి వదిలితే కరెంటు రావాలె. నేను ట్రై చేసిన, ఫ్యాను గిర్రున తిరిగింది, లైటు వెలగలే.

ఐటీఐ_ఫిట్టర్
వెలగదు. ఆ ఫ్యానుల సర్క్యూటు ఉంటది, తిప్పితే రెండు వైర్ల నుంచి కరెంటు రాదు. పాత సీడీ డ్రైవుల ట్రే నడిపే చిన్న మోటారు గాని, బొమ్మ కారు మోటారు గాని తీస్కో. దానికి చిన్న రెక్కలు అతికించు. ఎర్ర ఎల్ఈడీనే పెట్టు, రెండు వోల్టుల లోపే వెలుగుతది. తెల్లదానికి మూడు దాకా కావాలె, అందదు. వెలగకపోతే ఎల్ఈడీ కాళ్లు తిప్పి పెట్టి చూడు.

దేవరకొండ_ఫిజిక్స్
ఇది నాకు చాలా నచ్చింది. చెయ్యి కండరం, నలిగిన గాలి, తిరిగే రెక్క, కరెంటు, వెలుగు. నాగార్జునసాగర్ కూడ అన్వయించొచ్చు. అక్కడ 8 యూనిట్లు, మొత్తం 815.6 మెగావాట్లు, అందుల ఏడు వెనక్కి తిరిగి నీళ్లను కిందినుంచి పైకి తోడగలవు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లను ఎత్తి దాచుడు, కావల్సినప్పుడు దించుడు. మా పిల్లలు డ్యాము చూసినోళ్లే, ఈ సంగతి వినలేదు. మన సీసాల గాలి దాచుడు కూడ అదే పని.

గణితం_మేడం
చెప్పండి, కానీ ఎల్ఈడీతో పాఠం మొదలుపెట్టొద్దు అని నా మాట. లైటు వెలగగానే పిల్లలందరూ లైటునే చూస్తారు, కొలవడం ఆగిపోతుంది. సిరంజి లెక్క పూర్తయ్యాక చివర్లో పెట్టండి.

పాలమూరు_బీటెక్
నేను ఒప్పుకోను మేడం. మా క్లాసుల సగం మందికి ఆసక్తి పుట్టేదే లైటు వెలిగినప్పుడు. ముందు ఆశ్చర్యం, తర్వాత లెక్క.

నడిగడ్డ_రైతు
మా బిడ్డను అడిగిన. మందు పంపు ముందు, బరువులు తర్వాత, లైటు ఆఖరికి అన్నది. మబ్బు సీసా మాత్రం ఇంట్లనే చేస్త అంటున్నది, నేను పక్కన నిలబడి చూసుకుంట.

నారాయణపేట_సైన్స్
ఒక్కటి మర్చిపోవద్దు సారూ, సిరంజిల సూదులు డబ్బా విప్పంగనే తీసి మెడికల్ షాపోళ్లకే ఇచ్చెయ్యండి. ఎవరి ఇంటి నుంచి వాడిన సిరంజి తెచ్చినా క్లాసులకు రానియ్యొద్దు. ఇంకా, ఈ లెక్కను ఎవరైనా పిల్ల ముందుకు తీసుకపోతే ఇన్‌స్పైర్ మానక్‌కు, అంటే బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అవార్డుకు పంపండి. 6 నుంచి 12 తరగతుల పిల్లలకు, ఎంపికైతే నమూనా చేసుకోనీకి 10,000 రూపాయలు ఇస్తరు.

దేవరకొండ_ఫిజిక్స్
పంపిస్త. రాపిడి తగ్గించే ఉపాయం పిల్లలనే కనుక్కోమంట, అది మంచి ప్రాజెక్టు అయితది.

పది సెట్లు చెయ్యాలనుకుంటున్న. సిరంజిలు, సెలైన్ సెట్లు ఈ వారం కొంట. స్టాండు ఒక్కటే సమస్య. బరువు పక్కకు వంగితే పిస్టను పట్టేస్తది, లెక్క మొత్తం తప్పుతది. ఎవరైనా సరైన కొలతతోని కోయగలరా?

ఐటీఐ_ఫిట్టర్
మా వర్కుషాపుల ప్లైవుడ్ ముక్కలు మిగిలి ఉన్నయి. ప్రిన్సిపాల్ సారును అడిగి ట్రైనీలతోని పది కోయిస్త. సిరంజి బయటి వ్యాసం కొలిచి పెట్టండి, రెండు సైజులదీ. పైన ఇంకో పలక కూడ పెడ్త, పిస్టను కడ్డీ దాంట్ల నుంచి నిటారుగ జారేటట్టు.

పంచర్‌షాప్_మాల్
పాత వాల్వులు సంచిల వేసి పెట్టిన సారూ. మూతకు రంధ్రం పదకొండున్నర మి.మీ. కొట్టుకోండి, అంతకంటె పెద్దగైతే గాలి ఆగదు.

గణితం_మేడం
స్టాండు మీద మిల్లీమీటరు స్కేలు కూడా అతికించమనండి, రెండు పిస్టన్ల పక్కనా. దూరం నుంచి స్కేలు పట్టుకుని చూస్తే ప్రతి పిల్లకీ వేరే అంకె వస్తుంది.

ఐటీఐ_ఫిట్టర్
అతికిస్త మేడం. గీతలు చెక్క మీదనే చెక్కిస్తే ఊడిపోవు గూడ.